స్టెంట్ వేశాక ఇంటికి వెళ్లేలోపు: ఆసుపత్రి మంచం దగ్గరే అలవాట్లు మార్చడం ఎలా?

"సిస్టర్, ఇక నాన్నకి ఏం పెట్టమంటారు?"

డిశ్చార్జి కాగితాలు చేతికొచ్చాక, బిల్లు కౌంటర్ దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చి మరీ అడుగుతారు. గుండె వార్డులో 17 ఏళ్లుగా ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. అప్పటికే కింద ఆటో ఆగి ఉంటుంది. నాకు దొరికేది రెండు నిమిషాలు. "ఉప్పు, నూనె తగ్గించండి, సిగరెట్ మానిపించండి, రోజూ నడిపించండి" అంటాను. వాళ్లు తల ఊపుతారు. నెల తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు ఆ మూడింటిలో ఒక్కటి జరిగితే గొప్ప.

తప్పు అడిగినవాళ్లది కాదు, అడిగిన వేళది. గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నవాళ్లు మామూలుగా మూడు నుంచి ఐదు రోజులు, బైపాస్ అయినవాళ్లు వారం పైన ఆసుపత్రిలో ఉంటారు. ఆ రోజుల్లో సిగరెట్ చేతికి అందదు. చప్పటి తిండి ఎలాగూ తింటున్నారు. నడిపించడానికి మనుషులున్నారు. ప్రాణభయం ఇంకా తాజాగా ఉంది. ఇంటికెళ్లి, చుట్టాలందరూ వచ్చిపోయాక ఇవేవీ ఉండవు. అందుకే అలవాట్ల పని వార్డులోనే మొదలుపెట్టాలి.

ఇది మంచం పక్కన స్టూల్ మీద కూర్చున్న మీకోసం, అంటే అటెండెంట్ కోసం రాస్తున్నాను. ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పుడు డిశ్చార్జి అన్నవి మీ డాక్టరు చెప్పేవే. ఇక్కడ రాసినదానికీ మీ డాక్టరు మాటకీ తేడా వస్తే డాక్టరు మాటే వినండి.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి

- రెండు వందల పేజీల నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాస్తే మీతోపాటే ఆఫీసుకి వెళ్లిపోతుంది. నోట్‌బుక్ పేషెంట్ దగ్గరే ఉంటుంది.
- వారానికి సరిపడా గళ్లున్న టాబ్లెట్ల డబ్బా. దొరక్కపోతే ఏడు చిన్న కవర్లు చాలు.
- మామూలు టీ స్పూను. ఎందుకో తిండి దగ్గర చెబుతాను.
- మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు. హవాయి చెప్పులతో కారిడార్‌లో నడిపిస్తే జారిపడతారు.
- ఇంటికెళ్లాక కావలసినవి: మోచేతి పైన చుట్టే బీపీ మెషీన్ (మణికట్టుకి పెట్టేది వద్దు), బరువు చూసే మెషీన్.
- ఇంట్లో వంట చేసే మనిషి, ఒక గంట సేపు. మిగతావన్నీ కొన్నా ఈ ఒక్కరు ఆసుపత్రికి రాకపోతే తిండి విషయంలో ఏదీ మారదు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ మీద గానీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ మీద గానీ చేరి ఉంటే ఆ పథకం సంగతులు చూసే ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడుందో మొదటి రోజే చూసి పెట్టుకోండి. డిశ్చార్జి తర్వాత చెకప్‌లకీ మందులకీ ఏమైనా వర్తిస్తుందా అని అక్కడే అడగాలి.

1. మొదటి రోజు ఏమీ చెప్పకండి, అడగండి

ఐసీయూ నుంచి వార్డుకి తెచ్చిన రోజు కొడుకులు, అల్లుళ్లు అందరూ కలిసి క్లాసు పీకుతారు. "చెప్తే విన్నావా నాన్నా? ఆ సిగరెట్లు మానమని ఎన్నిసార్లు మొత్తుకున్నాం!" పెద్దాయన గోడవైపు తిరిగి పడుకుంటారు. ఇక మిగతా నాలుగు రోజులూ మీ మాట ఆయన చెవికెక్కదు.

దానికి బదులు ఒక్క ప్రశ్న అడగండి: "నాన్నా, ఇది ఎందుకొచ్చిందని నీకనిపిస్తోంది?" జవాబు ఆయన మాటల్లోనే నోట్‌బుక్‌లో రాయండి. పొలం గొడవ టెన్షన్ అనొచ్చు, గ్యాస్ పైకి తన్నింది అనొచ్చు, దిష్టి తగిలింది అని కూడా అనొచ్చు. వాదించకండి. ఆయన లెక్క ఏమిటో తెలిస్తేనే ఎక్కడ మొదలుపెట్టాలో మీకు అర్థమవుతుంది.

ఒక్క అపోహ మాత్రం అక్కడే దిద్దాలి: "స్టెంట్ వేశారుగా, బ్లాక్ పోయింది." స్టెంట్ ఒక చోట మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచింది, అంతే. కొవ్వు పేరుకునే గుణం మిగతా నాళాలన్నిటిలోనూ అలాగే ఉంది. సిద్ధాంతం ఇంతకన్నా అక్కర్లేదు.

2. రెండే రెండు ఎంచుకోండి

డైట్ చార్టు, వ్యాయామం, యోగా, బరువు, నిద్ర అన్నీ ఒకేసారి నెత్తినేస్తే ఏదీ నిలవదు. టాబ్లెట్లు అందరికీ తప్పనిసరి కాబట్టి వాటిని పక్కన పెట్టి, మిగతా వాటిలో రెండు తీసుకోండి. పొగాకు అలవాటుంటే ఒకటి అదే, అందులో బేరం లేదు. రెండోది పేషెంట్‌నే ఎంచుకోనివ్వండి. "నడక అయితే నడుస్తాను గానీ ఆవకాయ జోలికి రావద్దు" అన్నారా, సరే అనండి. తనంతట తాను ఎంచుకున్నది నెల తర్వాత కూడా నిలుస్తుంది. అది కుదురుకున్నాక ఆవకాయ సంగతి మీరు ఎత్తకపోయినా ఆయనే ఎత్తుతారు.

3. పొగాకు: "మానేయండి" కాదు, "మీరు ఇప్పటికే మానేశారు"

సిగరెట్, బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ అన్నీ ఇందులోకే వస్తాయి. "అలవాట్లేమైనా ఉన్నాయా?" అంటే చాలామంది లేవనే చెబుతారు. ఒక్కొక్కటి పేరు పెట్టి అడగండి. ఆడవాళ్లని కూడా అడగండి. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లని ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు.

నికోటిన్ కోసం ఒళ్లు బాగా పీకేది మానిన మొదటి మూడు నాలుగు రోజులే. ఆ రోజులు ఆసుపత్రిలోనే గడిచిపోయాయి. "నాలుగు రోజులైంది తాగి. కష్టమైన భాగం అయిపోయింది" అని లెక్క చెప్పండి. ఈ లెక్కతో నిఠారుగా కూర్చున్నవాళ్లని చూశాను.

తర్వాత నోట్‌బుక్‌లో "అప్పుడు ఇలా" అని ఒక పేజీ రాయించండి. ఎప్పుడెప్పుడు తాగేవారు, ఇప్పుడు ఆ క్షణంలో ఏం చేస్తారు:

- పొద్దున బాత్రూముకి వెళ్లేముందు → గోరువెచ్చని నీళ్లు. విరేచనం సాఫీగా కాదని భయముంటే ఇసబ్గోల్ గురించి డాక్టర్ని అడగాలి.
- టీ కొట్టు దగ్గర → మొదటి నెల టీ ఇంట్లోనే.
- భోజనం అయ్యాక → లేచి పళ్లు తోముకోవడం, నాలుగు సోంపు గింజలు.
- మందు కొట్టేటప్పుడు → దీనికి ప్రత్యామ్నాయం లేదు. ఆ కూర్చునే చోటికి వెళ్లకపోవడమే.

తాగాలన్న కోరిక ఒక్కోసారి ఐదు పది నిమిషాలు మించి ఉండదు. ఆ కాస్సేపు గడిచే ఉపాయం ఉంటే చాలు.

"పూర్తిగా ఎందుకు, రోజుకి ఒక్కటి తాగుతాను" అనే బేరం తప్పకుండా వస్తుంది. రోజుకి 20 సిగరెట్లు తాగితే గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, ఒక్కటి తాగినా అందులో దాదాపు సగం పెరుగుతుంది. తగ్గించడం ఊపిరితిత్తులకి ఎంతో కొంత పనికొస్తుందేమో గానీ గుండె దగ్గర ఈ బేరం చెల్లదు.

ప్రత్యామ్నాయాలు: నికోటిన్ చూయింగ్ గమ్ ఉంది, కానీ గుండెపోటు వచ్చి ఎన్నాళ్లయిందన్నదాన్ని బట్టి డాక్టరే చెప్పాలి. వాడితే నాలుగుసార్లు నమిలి బుగ్గన పెట్టుకోవాలి, మళ్లీ కాసేపటికి నమలాలి. మామూలు గమ్‌లా గబగబా నమిలేస్తే కడుపులో తిప్పుతుంది, "నాకు పడలేదు" అని పారేస్తారు. ఈ-సిగరెట్లకి మారమనే సలహా ఎవరైనా ఇస్తే, అవి 2019 నుంచి మన దేశంలో నిషేధం. పొగాకు మాన్పించే జాతీయ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356. సిగరెట్ పెట్టె మీదే అచ్చేసి ఉంటుంది. ఇంటికెళ్లాక చేద్దామనుకోకండి, వార్డులో ఉండగానే మీ ఫోన్ నుంచి కలిపి ఆయన చేతికివ్వండి.

ఒక మాట మీకు కూడా. తండ్రికి సిగరెట్ మీద ఉపదేశం చేసి, గేటు బయటికెళ్లి తాగి వచ్చే కొడుకుల వాసన మంచం దాకా వస్తుంది.

4. టాబ్లెట్లు: మీరు వేయకండి, ఆయనతో వేయించండి

వార్డులో ఉన్నన్నాళ్లూ మేమే గ్లాసు నీళ్లతో చేతిలో పెడతాం. ఐదో రోజున ఒక్కసారిగా ఎనిమిది స్ట్రిప్పులున్న కవరు ఇచ్చి పంపిస్తాం. గందరగోళం అక్కడే. డిశ్చార్జికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, సిస్టర్ చూస్తుండగా, డబ్బాలో నుంచి ఆయనే తీసుకుని వేసుకునేలా చేయండి. చదువు రాకపోతే స్ట్రిప్పు మీద స్కెచ్ పెన్నుతో పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు గీయండి.

ప్రతి టాబ్లెట్‌కీ ఒకే ముక్కలో "ఎందుకు" రాసుకోండి. ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్ ఇస్తారు: స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా. అటోర్వాస్టాటిన్ లేదా రోసువాస్టాటిన్: కొవ్వు తగ్గడానికి, నాళాల గోడల్లో ఉన్నది పగలకుండా. మిగతావి బీపీకి, గుండె భారం తగ్గడానికి.

హెచ్చరిక: రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు మందులూ సాధారణంగా ఏడాది పాటు కలిపి వాడాలి. పన్ను పీకించాలన్నా, చిన్న ఆపరేషన్ అన్నా, ఊళ్లో ఆర్‌ఎంపీ చెప్పాడన్నా, గుండె డాక్టర్ని అడక్కుండా ఒక్క రోజు కూడా ఆపకూడదు. ఆపితే స్టెంట్ ఉన్నట్టుండి మూసుకుపోయే ప్రమాదం ఉంది. టికాగ్రెలార్ రోజుకి రెండు పూటలు వేసుకోవాలి. దానితో కొందరికి ఊపిరి సరిగా అందనట్టు అనిపిస్తుంది. అలా అనిపిస్తే మందు ఆపకుండా వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి, మార్చాలంటే ఆయనే మారుస్తారు.

మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి బిళ్లలూ ఇంజెక్షన్లూ గుండెపోటు వచ్చినవాళ్లకి మంచివి కావు. ఏ నొప్పికి ఏది వేసుకోవచ్చో డిశ్చార్జి రోజే రాయించుకోండి.

కొలెస్ట్రాల్ నార్మల్ అని రిపోర్టు రాగానే ఆ టాబ్లెట్ ఆపేసేవాళ్లు బోలెడుమంది. టాబ్లెట్ వేసుకోబట్టే నార్మల్ వచ్చింది.

5. నడక: మంచం అంచు నుంచి మెట్ల దాకా

ప్రతి మెట్టూ డాక్టరో ఫిజియోథెరపిస్టో సరే అన్నాకే. మామూలుగా వరస ఇలా ఉంటుంది:

అ. మంచం అంచున కాళ్లు వేలాడేసి ఐదు నిమిషాలు. తల తిరగకపోతే కుర్చీలోకి.
ఆ. చేయి పట్టుకుని బాత్రూము దాకా.
ఇ. కారిడార్‌లో రెండు మూడు నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు.
ఈ. ఆగకుండా ఐదు నుంచి పది నిమిషాలు.
ఉ. ఇంటికెళ్లే ముందు ఫిజియోథెరపిస్టు పక్కనుండగా ఒక అంతస్తు మెట్లు. మీ ఇల్లు పైఅంతస్తులో ఉంటే ఇది అడిగి మరీ చేయించుకోండి.

ఎంత వేగం సరైనదో తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. నడుస్తూ మీతో మాట్లాడగలగాలి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారంటే వేగం ఎక్కువైంది. ఛాతీ పట్టేసినట్టుండడం, దవడకో భుజానికో చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, చల్లటి చెమట, గుండె దడ, వీటిలో ఏది వచ్చినా అక్కడే కూర్చోబెట్టి సిస్టర్‌ని పిలవండి.

మణికట్టు నుంచి స్టెంట్ వేస్తే ఆ చేత్తో ఓ వారం బకెట్ ఎత్తకూడదు. తొడ దగ్గర నుంచి వేస్తే కొన్ని రోజులు గొంతుక్కూర్చోకూడదు, అంటే ఇంట్లో కింద కూర్చునే మరుగుదొడ్డే ఉంటే ముందే కమోడ్ కుర్చీ చూసుకోవాలి. బైపాస్ అయినవాళ్లకి ఛాతీ ఎముక అతుక్కోవడానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పటిదాకా రెండు మూడు కిలోలకి మించి ఎత్తడం, బైకు నడపడం, మంచం మీద నుంచి చేతులతో లాక్కుని లేవడం వద్దు. దగ్గేటప్పుడు దిండు గుండెకి హత్తుకోవాలి. మూడు బంతుల ఊదుడు యంత్రం ఇస్తారు కదా, దాని పేరు అలా పడిపోయింది గానీ అందులోకి ఊదకూడదు, గాలి లోపలికి పీల్చాలి. వార్డులో సగంమంది తిరగేసే చేస్తారు.

ఇంటికెళ్లాక పది నిమిషాల చొప్పున రెండు పూటలతో మొదలుపెట్టి, వారం వారం కొన్ని నిమిషాలు పెంచుకుంటూ నెలా నెలన్నరకి రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు అయ్యేలా చూసుకోండి. తిన్న వెంటనే నడక వద్దు, గంట పైన ఆగండి. మన ఎండల సంగతి తెలిసిందే, రెంటచింతల వైపు మే నెలలో ఏడింటికే మాడు మండుతుంది. అలాంటి రోజుల్లో ఇంట్లోనే ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచినా లెక్కలోకి వస్తుంది.

తప్పులు రెండు రకాలు. రెండు నెలలు మంచం దిగనివ్వకుండా అన్నీ అక్కడికే అందించడం మొదటిది, ప్రేమతో చేసేది. నాకేం కాలేదని చూపించుకోవడానికి రెండో వారంలోనే ఐదు కిలోమీటర్లు నడిచేయడం రెండోది. నేను ఎక్కువగా చూసింది మొదటిదే.

6. తిండి: చార్టు కన్నా ప్యాకెట్ మీద తేదీ మేలు

వంట చేసే మనిషిని రప్పించమన్నాను కదా. డైటీషియన్ వచ్చే వేళ కనుక్కుని ఆ వేళకే రప్పించండి. మొదట ఆసుపత్రి భోజనం ఒక ముద్ద ఆవిడని తిననివ్వండి. మీరు ఇంట్లో చేసే కూరకీ దీనికీ తేడా ఎంతో నాలుకే చెబుతుంది.

ఉప్పు. మనిషికి రోజుకి 5 గ్రాములకి మించకూడదు, అంటే తలకొట్టిన ఒక టీ స్పూను. వండేదీ, పైన చల్లేదీ, పచ్చడిలోదీ అన్నీ కలిపి. రోజూ కొలవడం అయ్యే పని కాదు. నెల లెక్క చూడండి: నలుగురున్న ఇంట్లో నెలకి 600 గ్రాములు. ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజే దాని మీద తేదీ రాయండి. కిలో ప్యాకెట్ యాభై రోజులు రావాలి. నెలకే అయిపోతోందంటే ఉప్పు ఎక్కువ పడుతున్నట్టే. అదీ ఊరగాయలు కలపకుండా.

నూనె. ఇదే పద్ధతి. మనిషికి నెలకి అర లీటరు, నలుగురికి రెండు లీటర్లు. ఏ నూనె మంచిదన్న చర్చ తర్వాత, ముందు ఎంత పోస్తున్నామన్నది చూడాలి. డాల్డా, బజ్జీల బండి మీద మరిగి మరిగి నల్లబడిన నూనె మాత్రం పూర్తిగా వద్దు.

ఆయనకి వేరుగా చప్పిడి కూర, మిగతావాళ్లకి మామూలు కూర చేయకండి. వారం తిరక్కుండా ఆయన పక్క గిన్నెలో చెయ్యి పెడతారు, ఆ పెట్టడం కూడా న్యాయమే. అందరికీ ఒకటే కూర, ఉప్పు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రండి. కొన్ని వారాల్లో నాలుక అలవాటుపడుతుంది. పొయ్యి దించాక నిమ్మరసం, మిరియాల పొడి, వేయించిన జీలకర్ర, కొత్తిమీర వేస్తే ఉప్పు తక్కువైందని అంతగా తెలియదు. మజ్జిగలో, అన్నం వండేటప్పుడు, చపాతీ పిండిలో ఉప్పు మానేయండి. ఎవరూ గుర్తుపట్టరు.

ఆవకాయ. ఈ మాట దగ్గరే అందరూ నా మొహం చూస్తారు. ఆవకాయ, మాగాయ, చల్ల మిరపకాయలు, వడియాలు, అప్పడాలు, ఎండు చేపలు, ఇవన్నీ ఉప్పుతోనే నిలవ ఉండేవి. జన్మలో ముట్టకూడదంటే దొంగతనంగా తింటారు. రోజువారీకి దోసకాయ పచ్చడో, తక్కువ ఉప్పుతో అప్పటికప్పుడు నూరిన పచ్చి మామిడి పచ్చడో చేసి, ఆవకాయని ఆదివారం ఒక చిన్న ముక్కకి పరిమితం చేసిన ఇళ్లలో మాట నిలబడింది. గుండె బలహీనమై కాళ్లకి నీరు చేరేవాళ్లకి మాత్రం ఆ ముక్క కూడా ఉండదు, డాక్టర్ని అడగండి.

సైంధవ లవణం, గులాబీ ఉప్పు మంచివని కొనేస్తుంటారు. అవీ ఉప్పే, రంగే వేరు. "తక్కువ సోడియం" అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకీ, కొన్ని రకాల బీపీ, గుండె మందులు వాడేవాళ్లకీ అది ప్రమాదం. డాక్టరు సరే అంటేనే వాడండి. పరామర్శకి వచ్చే ప్రతివాళ్లూ తెచ్చే కొబ్బరి బోండాం సంగతి కూడా అంతే. అందరికీ మంచిదే గానీ, నీళ్లు కొలిచి తాగమన్న పేషెంట్‌కి కాదు.

కంచంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండాలి. అన్నం పావు కంచానికి మించకూడదు. మిగతా పావులో పప్పు, గుడ్డు, చేప లేదా తోలు తీసిన చికెన్. చేప వేపుడు కన్నా పులుసు నయం. కొర్రలు, అరికెలు తినడం మంచిదే, కానీ తెల్లన్నం ఎంత తినేవారో అంతే తింటే ఒరిగేదేమీ లేదు.

గుండె వాల్వు మార్చి, రక్తం గడ్డకట్టకుండా ఆసిట్రోమ్ లేదా వార్ఫరిన్ ఇచ్చినవాళ్లకి వేరే లెక్క. గోంగూర, తోటకూర మానక్కర్లేదు, కానీ ఒక వారం దండిగా తిని మరో వారం అసలు తినకపోతే రక్తపరీక్ష విలువ అటూ ఇటూ అవుతుంది. ఎంత తిన్నా ఎప్పుడూ ఒకేలా తినాలి.

పేషెంట్ ఇల్లాలైతే ఇంకో చిక్కు. డిశ్చార్జి అయిన మర్నాడే ఆవిడ వంటింట్లో ఉంటుంది. ఆవిడ నడకకి వెళ్లే అరగంటలో పొయ్యి దగ్గర ఎవరుంటారో పేరు రాసి పెట్టండి. పేరు లేకపోతే ఆవిడ నడవదు. ఇప్పటిదాకా నేను చూసిందైతే ఇదే.

7. ఎవరూ అడగని రెండు సంగతులు

గుండెపోటు తర్వాత నిద్రపోవడానికి భయపడేవాళ్లు, కారణం లేకుండా ఏడ్చేవాళ్లు, ఊరికే కసురుకునేవాళ్లు మామూలే. "ధైర్యంగా ఉండు" అనడం వల్ల ఏమీ కాదు. రెండు వారాలు దాటినా తిండి మీద, మనుషుల మీద ఆసక్తి లేకపోతే అది కూడా జబ్బులో భాగమేనని డాక్టరుకి చెప్పండి. మనసు బాగాలేనివాళ్లు టాబ్లెట్లూ మానేస్తారు, నడకా మానేస్తారు.

రెండోది భార్యాభర్తల సంబంధం. సిగ్గుతో అడగరు, భయంతో దూరంగా ఉండిపోతారు. ఆయాసం, నొప్పి లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగితే చాలామందికి ఇబ్బంది ఉండదు. డాక్టర్ని ఒక్కమాట అడిగితే సరిపోతుంది. సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు మాత్రం సొంతంగా కొని వేసుకోకూడదు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రతో కలిస్తే బీపీ ప్రాణం మీదికొచ్చేంత పడిపోతుంది.

8. డిశ్చార్జికి ముందు రోజు: తిరిగి చెప్పించుకోండి

"అర్థమైందా?" అంటే ఎవరైనా అయిందనే అంటారు. అలా కాదు. "నాన్నా, రేపు అమ్మకి నువ్వే చెప్పాలి. ఏ టాబ్లెట్ ఎందుకు, ఎప్పుడు నడవాలి, నొప్పొస్తే ఏం చేస్తావు, ఒకసారి చెప్పు" అనండి. ఎక్కడ తడబడితే అక్కడ మళ్లీ చెప్పండి. పరీక్ష పెట్టినట్టు కాకుండా కబుర్లలో పెట్టండి.

ఈ ప్రశ్నలకి జవాబులు నోట్‌బుక్‌లో రాయించుకోనిదే లిఫ్టు ఎక్కకండి:

- మళ్లీ ఎప్పుడు రావాలి, ఏ పరీక్షలతో?
- ఈయన బీపీ, చక్కెర, చెడు కొలెస్ట్రాల్ ఎంత ఉండాలి?
- గుండె పంపింగ్ ఎంత? నీళ్లు కొలిచి తాగాలా?
- పనికి, బండి నడపడానికి, ప్రయాణానికి ఎప్పుడు?
- ఇక్కడ కార్డియాక్ రిహాబ్ (గుండెజబ్బు తర్వాత వ్యాయామం, అలవాట్లు దగ్గరుండి నేర్పడం) ఉందా? లేకపోతే ఫిజియోథెరపిస్టుని ఎలా కలవాలి?
- ఫ్లూ టీకా ఎప్పుడు వేయించాలి?
- రాత్రిపూట సందేహం వస్తే ఏ నంబరుకి ఫోన్ చేయాలి?

నొప్పి వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా ఆ రోజే ఒకసారి చేసి చూపించండి. కూర్చోవాలి. డాక్టరు రాసిచ్చి ఉంటే సార్బిట్రేట్ నాలుక కింద. నిలబడి పెట్టుకుంటే కళ్లు తిరిగి పడిపోతారు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108. గ్యాస్ బిళ్ల వేసి చూద్దామనో, బైకు మీద ఎక్కించుకుని పోదామనో అనుకోవద్దు. ఆ సార్బిట్రేట్ మాత్రలు ఇంట్లో ఎక్కడుంటాయో అందరికీ తెలియాలి.

9. మొదటి నెల: మూడు ఫోన్లు

ఆసుపత్రిలో ఎంత బాగా మొదలుపెట్టినా, ఇంటికెళ్లాక కనీసం ఒక నెల వెన్నంటి ఉండకపోతే పొగాకు మాన్పించడంలో పెద్దగా ఫలితం ఉండదని పరిశోధనలు తేల్చాయి. కెనడాలో ఒటావా విశ్వవిద్యాలయం గుండె ఆసుపత్రిలో చేరిన ప్రతి పేషెంట్‌నీ పొగాకు గురించి అడగడం, మంచం దగ్గరే సాయం మొదలుపెట్టడం, ఇంటికి పంపాక ఫోన్లు చేస్తూ ఉండటం ఒక పద్ధతిగా పెట్టుకున్నారు. మన దగ్గర అన్ని ఆసుపత్రులూ ఫోన్ చేయవు. కాబట్టి ఆ పని మీరో, ఊళ్లో లేని తమ్ముడో, హ్యూస్టన్‌లో ఉన్న చెల్లెలో పంచుకోవాలి. విదేశాల్లో ఉండి ఏమీ చేయలేకపోతున్నామని బాధపడేవాళ్లకి ఇది సరైన పని.

మూడో రోజు, పద్నాలుగో రోజు, ముప్పయ్యో రోజు. అడగాల్సినవి నాలుగే: టాబ్లెట్లు తప్పాయా? ఎంతసేపు నడిచావు? పొగాకు కోరిక ఎప్పుడొచ్చింది, ఏం చేశావు? ఏది కష్టంగా ఉంది? ఒకసారి సిగరెట్ తాగేశానని చెబితే అరవకండి. అరిస్తే ఇంకోసారి చెప్పరు. "ఎక్కడ తాగావు, ఎవరున్నారు?" అని అడిగి "అప్పుడు ఇలా" పేజీలో ఇంకో గీత చేర్చండి. చొక్కా వాసన చూడటం, జేబులు వెతకడం వల్ల అబద్ధాలు పెరగడం తప్ప లాభం లేదు.

పనిచేస్తోందా? ఇలా చూసుకోండి

- టాబ్లెట్లు: నోట్‌బుక్‌లో టిక్కులు, డబ్బాలో ఖాళీ గళ్లు. రెండూ సరిపోలాలి. నెలాఖరుకి స్ట్రిప్పులు మిగిలాయంటే ఎక్కడో తప్పాయి. ఖర్చు భారమై మానేస్తుంటే దాచుకోకుండా చెప్పమనండి, జన ఔషధి కేంద్రాల్లో చాలా మందులు తక్కువకి దొరుకుతాయి.
- బీపీ: ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక, పాదాలు నేల మీద ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టి, రెండుసార్లు చూడాలి. కాఫీ తాగి అరగంట కాకుండా చూడకూడదు. చాలామందికి 130/80 లోపు ఉండాలి.
- బరువు: పొద్దునే, బాత్రూముకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు. గుండె పంపింగ్ తగ్గినవాళ్లు రోజూ చూసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. అదే రోజు ఫోన్ చేయండి.
- చెడు కొలెస్ట్రాల్: నెలా నెలన్నరకి పరీక్ష. గుండెపోటు వచ్చినవాళ్లకి 55 కన్నా తక్కువ ఉండాలన్నది ఇప్పటి లక్ష్యం. ల్యాబ్ కాగితం మీద 100 దాకా "నార్మల్" అని అచ్చేసి ఉంటుంది, అది మామూలు జనం కోసం వేసింది. దాన్ని చూసి సంబరపడకండి.
- చక్కెర ఉన్నవాళ్లకి మూడు నెలల సగటు పరీక్ష.
- ఉప్పు, నూనె ప్యాకెట్ల మీద తేదీలు. ఈ ఒక్కటీ ఎవరూ అబద్ధం చెప్పలేని రిపోర్టు.

బ్లాకులు కరిగించే కషాయం అంటూ వాట్సాప్‌లో ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. దాన్ని తాగి స్టెంట్ మందులు ఆపినవాళ్లు మళ్లీ స్ట్రెచర్ మీదే వస్తున్నారు.

ఇక మొక్కుల మాట. "బతికితే కొండకి నడిచొస్తానని మొక్కుకున్నా సిస్టర్" అని చాలామంది అడుగుతారు. అలిపిరి దారిలో మెట్లు దాదాపు 3,550. మొదటి నెలల్లో ఆ ఊసు వద్దు. రిహాబ్ అయ్యాక ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి డాక్టరు సరే అంటే అప్పుడు చూడొచ్చు. అప్పటిదాకా బస్సులో వెళ్లి దర్శనం చేసుకుని, మెట్ల మొక్కు తర్వాత తీర్చుకుంటానని చెప్పుకుని రమ్మంటాను. కార్తీక సోమవారాలైనా రంజాన్ రోజాలైనా ఉపవాసం ఉండాలనుకుంటే ఓ పది రోజుల ముందే వచ్చి టాబ్లెట్ల వేళలు మార్చుకోవచ్చో లేదో అడగండి, ఆ రోజు పొద్దున ఫోన్ చేసి కాదు.